రెండు మార్కుల గాలి



తొమ్మిదో తరగతి సోషల్‌లో జెట్ స్ట్రీమ్ మహా అయితే రెండు మార్కుల ప్రశ్న. దానికి రెండు పీరియడ్లు తీసుకున్నాను. ఎందుకో మీకూ చెప్తాను.

మనకు ఉత్తరాన, పది కిలోమీటర్ల ఎత్తున, గాలి పడమటి నుంచి తూర్పుకు ఏరులా పారుతుంటుంది. అందులో వేల కిలోమీటర్ల వంపులు తిరుగుతాయి. అవే రాస్బీ అలలు. అల తనంతట తాను పడమటికి పోబోతుంది, గాలి దాన్ని తూర్పుకు తోస్తుంది. రెండు వేగాలూ సమమైతే అల కదలదు.

2010 జులైలో అలాగే నిలిచిపోయింది. ఒక వంపు కింద మాస్కో 38 డిగ్రీల ఎండకు మాడిపోయింది. పక్క వంపు, రుతుపవనాల తేమ కలిసి పాకిస్తాన్‌ను ముంచేశాయి.

"ముందే తెలీదా మేడమ్?" అని ఒక పాప అడిగింది. రెండో పీరియడ్ అందుకే పట్టింది. భారీ వానను కొన్ని రోజుల ముందు పసిగట్టవచ్చు. ఆగిన అల ఎప్పుడు కదులుతుందో చెప్పడమే ఇప్పటికీ కష్టం.