కలాయి మీద మూడు వేళ్లు

అమ్మీకి కీమో మొదలయ్యాక మా ఇంట్లో అన్నింటికంటే ముందు బంద్ అయింది బఘార్. నూనెలో ఉల్లిగడ్డ పడితే చాలు, దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక వరండాలోకి వెళ్లిపోయేది. కాన్సర్ అనే మాటకు మేమందరం భయపడ్డాం గానీ, ఆమెను రోజూ వేధించింది మాత్రం మత్లీ. వాంతి అయితే అయిపోతుంది. మత్లీ అలా కాదు, గొంతు దగ్గర కూర్చుని లేవదు. డాక్టర్ రాసిన ఆండన్‌సెట్రాన్ గోలీ వాంతుల్ని చాలావరకు ఆపింది. ఈ వికారాన్ని మాత్రం పూర్తిగా ఆపలేకపోయింది.

కీమో వార్డులో పక్క కుర్సీలో కూర్చునే ఒకావిడ చేతికి గుండీ కుట్టిన ఎలాస్టిక్ పట్టీ ఉండేది. అదేంటని అమ్మీ అడిగింది. ఆవిడ చూపించింది. అలా నేయ్‌గ్వాన్ మా ఇంటికొచ్చింది.

చీనా భాషలో 'నేయ్' అంటే లోపలి, 'గ్వాన్' అంటే కనుమల్లో, సరిహద్దుల్లో ఉండే దర్వాజా. గుండెను కప్పే పొరకు ఒక దారి ఉందనీ, అది ఛాతీ నుంచి చేతి లోపలి వైపుగా నడివేలి కొస దాకా పోతుందనీ ఆ వైద్యుల లెక్క. ఆ దారిలో తొమ్మిది బిందువులు, ఇది ఆరోది. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు అడ్డంగా ఆనించాలి. ఉంగరం వేలు గీత మీద. చూపుడు వేలికి ఆనుకుని, రెండు తాళ్లలాంటి నరాల మధ్య గుంట ఉంటుంది. పిడికిలి బిగిస్తే ఆ తాళ్లు తేలతాయి. అక్కడ బొటనవేలితో గట్టిగా, గుండ్రంగా రెండు మూడు నిమిషాలు నొక్కాలి.

ఇందులో నాకు బాగా నచ్చింది కొలత. చీనా వాళ్ల 'త్సున్' మన ఇంచీ లాంటిది కాదు, ఎవరి త్సున్ వాళ్లదే. నా లావుపాటి వేళ్లతో అమ్మీ చేయి కొలిస్తే బిందువు మోచేతి వైపు జరిగిపోతుంది. మరీజ్ వేళ్లే పెట్టాలి. మూడో సైకిల్‌కి ఆ వేళ్లు ఎంత సన్నబడ్డాయంటే, ఉంగరానికి దారం చుట్టి తొడుక్కునేది. నొక్కడం కష్టం కాదు. కొలత కోసం రోజూ ఆ వేళ్లు పట్టుకోవడం కష్టం.

కుడి చంకలో గ్రంథులు తీసేశారు గనక ఆ చేతికి సూదీ, బీపీ పట్టీ వద్దన్నారు. అందుకే మేము నొక్కింది ఎడమ చేతికే, అదీ డాక్టర్‌ను అడిగాకే. గోలీ మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. గడియారం చూస్తూ కూర్చోవడం అమ్మీకి చిరాకు. "తస్బీహ్ ఒక చుట్టు అయ్యేదాకా నొక్కు బేటీ" అనేది. తొంభై తొమ్మిది పూసలు, లెక్క సరిగ్గా సరిపోయేది.

"ఇదంతా వహమ్ అమ్మీ, చీనా జాదూ" అన్నాడు భయ్యా.

"హకీం సాబ్ కూడా కలాయే పట్టుకునేవారు కదా బేటా" అంది అమ్మీ.

ఆమెకు తెలియదు గానీ ఆ మాటకు పాత చరిత్రే ఉంది. 1313 ప్రాంతంలో తబ్రీజ్‌లో వజీర్ రషీదుద్దీన్, తనూ హకీమే, చీనా వైద్యం మీద ఫార్సీలో 'తన్‌సూఖ్‌నామా' అనే కితాబు తయారు చేయించాడు. చీనా వాళ్లు నబ్జ్ ఎలా చూస్తారో అందులో ఉంది.

భయ్యా షక్‌కి ఇది జవాబు కాదు, నాకు తెలుసు. ఆ గుండె పొర దారిని ఏ స్కానూ చూపించలేదు. ఆ గుంట కింద చేతి నడిమి నరం పోతుంది, అది మాత్రం నిజం. 1986లో బెల్‌ఫాస్ట్‌లో డండీ అనే మత్తు డాక్టర్, ఆపరేషన్‌కు ముందు ఇక్కడ సూది పెడితే తర్వాత వాంతులు తగ్గుతున్నాయని రాశాడు. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల బృందం కూడా ఆపరేషన్, కీమో వాంతులకు సూది వైద్యం పనికొస్తుందని చెప్పింది. ఉత్త వేలితో నొక్కడానికి, కీమో విషయంలో, అంత గట్టి సుబూత్ లేదు.

అమ్మీ మత్లీ పోలేదు. తగ్గేది. ఎంతంటే, రొట్టె ముక్క చాయ్‌లో ముంచుకుని తినేంత. "అది నొక్కినందుకా, కూతురు చేయి పట్టుకుని కూర్చున్నందుకా?" అని భయ్యా అడిగాడు. సవాల్ సరైనదే. తేల్చాలంటే ఆమెకు చెప్పకుండా కొన్ని రోజులు తప్పు చోట నొక్కాలి. పరిశోధనల్లో అలాగే చేస్తారు. అమ్మీ చేయి పట్టుకుని ఆ పని నేను చేయలేను.

ఆరు సైకిళ్లూ అయిపోయాయి, అల్‌హందులిల్లా. పోయిన నెల డ్యాం చూద్దామని శ్రీశైలం బస్సెక్కాం. మన్ననూర్ దాటి మలుపులు మొదలవగానే ఖాలా కళ్లు మూసుకుని నిమ్మకాయ వాసన చూడ్డం మొదలుపెట్టింది. అమ్మీ ఆమె చేయి తన ఒళ్లోకి లాక్కుంది. కొలవబోయిన నన్ను ఆపి, "నీ వేళ్లే పెట్టు ఆపా, నావీ కాదు, దీనివీ కాదు" అంది. దోమలపెంట వచ్చేదాకా ఖాలా నిమ్మకాయనూ వదల్లేదు, కలాయినీ వదల్లేదు.