పెనాంగ్‌లో కర్పూరపు సందుగ

మలేషియాలోని పెనాంగ్ దీవికి చేరిన మరునాడు మేము జార్జ్‌టౌన్ నగరపు కపితాన్ కెలింగ్ మస్జిద్‌లో జుహ్ర్ నమాజ్ చేశాము. భారతదేశం నుండి వెళ్ళిన ముస్లింలు 1801లో నెలకొల్పిన మస్జిద్ అది. నమాజ్ అనంతరం మా ఆతిథేయి మమ్మల్ని పాత సామగ్రి అమ్మే ఒక చైనీయుని అంగడికి తోడ్కొని వెళ్ళారు. మా బృందంలోని పెద్దవారు హాజీగారు తమ ఇహ్రామ్ వస్త్రాలను కఫన్ కొరకు దాచుకున్నారు. వాటికి పురుగు పట్టని పెట్టె ఒకటి కావాలని ఆయన కోరిక.

కర్పూరం విశ్వాసికి కొత్తది కాదు. పుణ్యాత్ములకు స్వర్గంలో లభించే పానీయంలో కాఫూర్ కలిసి ఉంటుందని దివ్య ఖుర్ఆన్ (76:5) తెలుపుతోంది. తమ కుమార్తె మరణించినప్పుడు, ఆఖరి స్నానపు నీటిలో కర్పూరం కలపమని దైవప్రవక్త (స) ఆదేశించారని ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖించారు. పూర్వం అరబ్బు వర్తకులు మెచ్చిన ‘ఫన్సూరీ’ కాఫూర్ సుమత్రా దీవిలోని బారూస్ తీరం నుండి వెళ్ళేది. ఆ చెట్టు వేరు. సందుగలు చేసే కర్పూర వృక్షం వేరు. ఇది చైనా, తైవాన్, జపాన్ దేశాలది, దాల్చినచెక్కకు దగ్గరి బంధువు. ఆకు నలిపినా, మాను చెక్కినా పరిమళమే.

అంగడిలో రెండు సందుగలున్నాయి. ఒకటి సాదాది. రెండవదాని మూత చూపు తిప్పుకోనివ్వలేదు. గాయమో చీడో తగిలిన చోట మాను ఉబ్బి బుడిపె కడుతుంది. దానిని కోస్తే నిలువుగా సాగవలసిన గీతలు సుడులు తిరిగి, వాటి నడుమ పక్షి కన్నుల వంటి చుక్కలు గుంపులుగా కనిపిస్తాయి. తేనెరంగు నేలపై ఎర్రని జీరలు! పైగా ఘాటైన వాసన. హాజీగారు దానిపైనే చేయి వేశారు.

అంగడి యజమాని మూత ఎత్తి అడుగుభాగం చూపారు. సుడులు లేవు, వేరొక కలప గీతలు తిన్నగా ఉన్నాయి. అసలు బుడిపె చెక్క అయితే ఆ సుడులు అంచు మీదుగా లోపలికీ సాగాలట. బుడిపె అరుదు గనుక పలుచని పొరగా కోసి అతికించడం పనితనంలో తప్పు కాదనీ, కొనేవారికి చెప్పకపోవడమే తప్పనీ ఆయన అన్నారు. తరువాత ఉప్పుకాగితం ఇచ్చి, రెండు పెట్టెల లోపలి మూలలనూ రుద్దమన్నారు. మొదట సువాసన చిమ్మిన పెట్టెలో రుద్దిన చోట వాసన పోయింది: అది ఎవరో పూసిన నూనె. సాదా పెట్టెలో రాలిన పొడి మాత్రం ముక్కుపుటాలను తాకింది. లోపల వార్నిష్ వేయవద్దనీ, వాసన తగ్గినప్పుడల్లా ఇలాగే కాస్త రుద్దితే చాలుననీ ఆయన చెప్పారు.

దైవప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టి, లోపలి తడిని పట్టుకుని, దానిని ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగిన హదీసును మేము ఏటేటా విద్యార్థులకు బోధిస్తున్నాము. ఆ వర్తకుడు ఆ హదీసు విని ఉండకపోవచ్చు. కానీ అడగకముందే తన సరుకులోని తడిని తానే పైకి తీసి చూపారు. మేము అమ్మినప్పుడు, పెళ్ళి సంబంధాలు మాట్లాడినప్పుడు ఇలా చూపుతున్నామా అన్న ప్రశ్నకు మా వద్ద తడుముకోని జవాబు లేకపోయింది.

హాజీగారు సాదా సందుగనే తీసుకున్నారు. ఆ అందమైన మూతను వదులుకున్నందుకు మనసు పీకడం లేదా అని అడిగాము. ఆయన నవ్వి, “దీన్ని తెరిచి ఆ వస్త్రాలు తీసే రోజున మూతను చూసేది నేను కాదు కదా, మౌలానా!” అన్నారు.