మన్యం గుమ్మంలో రెండు సమాధులు

రైల్వే టైంటేబుల్లో ‘నర్సీపట్నం రోడ్‌’ అని ఒక స్టేషనుంది. పేరు చూసి అక్కడ దిగితే ఊరు మాత్రం కనిపించదు. బస్సో ఆటోనో పట్టుకుని లోపలికి చాలా దూరం పోవాలి. చెరుకు చేలు, జీడితోటలు, గట్ల మీద తాటిచెట్లు... అవన్నీ వెనక్కి పోతుంటే ఎదురుగా నీలంగా కొండల వరస లేస్తుంది. ఆ కొండల పాదాల దగ్గరే నర్సీపట్నం. మైదానం ఇక్కడితో సరి. ఆపైన అంతా మన్యమే.

అందుకే ఈ ఊరి బస్టాండులో బోర్డులు చదువుతుంటేనే సగం యాత్ర చేసినట్టుంటుంది. చింతపల్లి, సీలేరు, కృష్ణాదేవిపేట, కొయ్యూరు. శీతకాలం శనివారం రాత్రయితే అబీద్‌ సెంటర్‌ వైపు సందడే వేరు. విశాఖ నుంచీ, రాజమండ్రి నుంచీ కుర్రాళ్ల కార్లూ బైకులూ వరసగా వస్తాయి. తెల్లారేసరికి లంబసింగి చేరి పొగమంచు చూడాలని హడావుడి. ఆ కొండమీద ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి పూట ఇంటి బయట ఉండిపోతే చలికి కొయ్యలా బిగుసుకుపోతారనట, అందుకా పేరు. ఇప్పుడక్కడ గుడారాలు, చలిమంటలు, పాటలు... ఒకప్పుడు చీకటి పడితే తలుపులేసుకునే ఊళ్లో ఇప్పుడు రాత్రే బేరాల వేళ.

వేడి టీ తాగి ఘాట్‌ ఎక్కే ఆ కుర్రకారులో ఎంతమందికి తెలుసో గానీ, ఆ కొండదారి వెనక పెద్ద కథే ఉంది.

రెండణాల కూలీ

1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండల మీద పోడు కొట్టుకునే స్వేచ్ఛ పోయింది. కట్టె కొట్టినా తప్పే, పశువును మేపినా తప్పే. ఆ తర్వాత కొన్నేళ్లకు గూడెం ప్రాంతానికి డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్‌ వచ్చాడు. నర్సీపట్నం నుంచి మన్యంలోకి రోడ్డు వేయించే పని తలపెట్టాడు. రోడ్డు మంచిదే కదా అంటారా? రాళ్లు కొట్టిందీ, మట్టి మోసిందీ కొండ మనుషులు. ఇవ్వాల్సిన కూలి రోజుకు ఆరణాలైతే చేతికి వచ్చింది రెండణాలని చరిత్రకారులు రాశారు. అడిగినవాళ్లకు కొరడా దెబ్బలు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర ఆయనతో తగువు పడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ గంటందొర, తమ్ముడు మల్లుదొర... వీళ్లే తర్వాత అల్లూరి సీతారామరాజుకు కుడి ఎడమ భుజాలయ్యారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను, 23న కృష్ణాదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు అడవిలోకి వెళ్లిపోయాయి. ఈ సంగతి సినిమాల పుణ్యాన అందరికీ తెలుసు. నర్సీపట్నానికి సంబంధించిన సంగతి ఆ తర్వాతిది.

అదే ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో సీతారామరాజు మనుషులు దారికి రెండువైపులా పొదల్లో మాటు వేశారు. ముందుగా నడిచింది భారతీయ పోలీసులు. వాళ్ల మీద ఒక్క తూటా పేలలేదు. వాళ్లను పోనిచ్చి, వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్‌ కవర్ట్‌, హైటర్‌లను కాల్చి చంపారు. ఆ ఇద్దరి సమాధులూ నర్సీపట్నంలో ఉన్నాయి.

ఆ సమాధుల ముందు నిలబడితే ఎటు తలూపాలో తెలియదు. ఎక్కడో పుట్టి, పేరైనా పలకడం రాని కొండల్లో ప్రాణాలొదిలిన ఇద్దరు మనుషులు. అయ్యో అనిపిస్తుంది. ఆ వెంటనే రెండణాల కూలీ గుర్తొస్తుంది. ఆనాడు రాజు మనుషులు కూడా ఒంటి రంగు చూసే కాల్చారు కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే రంగును బట్టి మనుషుల్ని విడదీయడం ఆ ఘాట్‌లో మొదలవలేదు. అప్పటికే దేశమంతా గుమ్మాల మీద బోర్డులై వేలాడుతోంది.

బోర్డు తగిలించిన గుమ్మాలు

దామనపల్లి జరిగిన సరిగ్గా పదేళ్లకు, 1932 సెప్టెంబరు 24 రాత్రి, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌ దగ్గర పహార్తలి యూరోపియన్‌ క్లబ్బు మీద దాడి జరిగింది. నాయకురాలు ప్రీతిలతా వడ్డేదార్‌. వయసు 21 ఏళ్లు. బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి. ‘కుక్కలకూ భారతీయులకూ ప్రవేశం లేదు’ అని ఆ క్లబ్బు ముందు బోర్డు ఉండేదని చెబుతారు. గాయపడ్డ ప్రీతిలత పోలీసులకు దొరక్కుండా సైనైడు మింగి చనిపోయింది.

ఆ రోజుల్లో తెల్లదొరల సాయంకాలాలన్నీ అలాంటి క్లబ్బుల్లోనే. బిలియర్డ్స్‌, విస్కీ, డాన్సులు. వంట చేసేది మనవాళ్లే, గ్లాసులు అందించేది మనవాళ్లే. ఇంకో భారతీయుడు గుమ్మం ఎక్కబోతే అడ్డుపడే నౌకరూ మనవాడే! నియమం పెట్టినవాడు లోపల పేకాడుకుంటూ ఉంటాడు. దాన్ని అమలు చేసే పాపం మాత్రం జీతగాడి నెత్తిన పడుతుంది.

ఈ జీతగాళ్ల సంగతి గాంధీజీకి బాగా అనుభవం. 1893లో జోహానెస్‌బర్గ్‌లో గ్రాండ్‌ నేషనల్‌ హోటల్‌కు వెళ్లి గది అడిగితే, మేనేజరు ఆయన్ను ఎగాదిగా చూసి ఖాళీల్లేవన్నాడు. ఎంతో మర్యాదగా. హోటల్లో గది దొరుకుతుందని నిజంగానే అనుకున్నావా అని తర్వాత తోటి భారతీయ వ్యాపారి నవ్వాడట. ప్రిటోరియాలో ఇంకో రకం. స్టేషనులో కలిసిన ఒక నల్లజాతి అమెరికన్‌ ఆయన్ను వెంటబెట్టుకుని జాన్‌స్టన్‌ ఫ్యామిలీ హోటల్‌కు తీసుకెళ్లాడు. యజమాని గది ఇస్తానన్నాడు గానీ, భోజనం గదిలోనే చేయాలన్నాడు. తనకేమీ పట్టింపు లేదట, అందరితో కూర్చోబెడితే మిగతావాళ్లు లేచిపోతారని భయమట. గాంధీజీ ఒప్పుకుని గదిలో కూర్చున్నారు. కాసేపటికి భోజనానికి బదులు జాన్‌స్టనే వచ్చాడు. సిగ్గనిపించి మిగతావాళ్లను అడిగాననీ, ఎవరూ అభ్యంతరం చెప్పలేదనీ, కిందికొచ్చి అందరితో కలిసి తినమనీ పిలిచాడు.

చూశారా... ఎవరూ అభ్యంతరం చెప్పలేదు! అడిగేదాకా ఎవరికీ తెలియలేదు. ‘మాకేం లేదండీ, మిగతావాళ్లు ఊరుకోరు’ అనే మాట ఏ ఊళ్లోనైనా, ఏ హోటల్‌ కౌంటర్‌ దగ్గరైనా నేటికీ చెల్లుబాటవుతూనే ఉంది.

ఆస్టిన్స్‌లో ఆ సాయంత్రం

ఇప్పుడు నర్సీపట్నంలో అడిగినా ఫలానా వాళ్లబ్బాయి అమెరికాలో ఉన్నాడంటారు. ఏ తెలుగు ఊళ్లోనైనా అంతే. అందుకే 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌ రాష్ట్రంలోని ఒలేత్‌లో జరిగింది మన ఇళ్లన్నిటినీ ఒక్కసారి కుదిపేసింది. కూచిభొట్ల శ్రీనివాస్‌, మాదసాని అలోక్‌ ఇద్దరూ గార్మిన్‌ కంపెనీలో ఇంజినీర్లు. ఆఫీసయ్యాక అలవాటుగా ఆస్టిన్స్‌ బార్‌ అండ్‌ గ్రిల్‌కు వెళ్లి ఆరుబయట కూర్చున్నారు. ఒకడొచ్చి మీ వీసాలేమిటని నిలదీశాడు. నోరు పారేసుకున్నాడు. వీళ్లు తగువు పెట్టుకోలేదు. అలోక్‌ లేచి మేనేజరును పిలవడానికి లోపలికి వెళ్లాడు. ఆ మేనేజరు వచ్చేలోపే వాణ్ని బయటికి నడిపించేశారు. చుట్టుపక్కల బల్లల వాళ్లు వచ్చి, మీరిక్కడివాళ్లే, ఇలాంటివాణ్ని చూసి మమ్మల్నందరినీ అలా అనుకోకండని ధైర్యం చెప్పారు.

కాసేపటికి వాడు తుపాకీతో తిరిగొచ్చాడు. మా దేశం నుంచి పొండని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్‌ చనిపోయాడు. వయసు 32. అలోక్‌కు గాయమైంది. ఇయాన్‌ గ్రిలట్‌ అనే అమెరికన్‌ తూటాలు అయిపోయాయనుకుని వాడి వెంటపడ్డాడు. ఇంకా మిగిలే ఉన్నాయి. అతనూ దెబ్బతిన్నాడు. హూస్టన్‌లోని ఇండియా హౌస్‌ వాళ్లు చందాలు వేసుకుని ఇల్లు కొనుక్కోమని గ్రిలట్‌కు లక్ష డాలర్లు ఇచ్చారు. 2018లో హంతకుడికి జీవితఖైదు పడింది. శ్రీనివాస్‌ భార్య దుమాల సునయన ఆ దేశం వదిలి రాలేదు. వలస వచ్చినవాళ్ల గోడు నలుగురికీ వినిపించాలని అక్కడే ఒక సంస్థ పెట్టుకున్నారు.

ఆ వారమంతా మన పత్రికలూ టీవీలూ కన్నీళ్లతో నిండిపోయాయి. న్యాయమే. కానీ నెల తిరిగిందో లేదో, మార్చి 27న ఢిల్లీ పక్కన గ్రేటర్‌ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని ఒక షాపింగ్‌ మాల్‌లోనే గుంపు చుట్టుముట్టి కొట్టింది. స్టూళ్లతో, చెత్తబుట్టలతో కొట్టారు. చాలామంది చూస్తూ ఉండిపోయారు. ఆ వార్తకు మన ఇళ్లలో అన్ని కన్నీళ్లు కారిన గుర్తు లేదు.

గ్లాసుల లెక్క

అంత దూరం ఎందుకు? తెలుగునాట ‘రెండు గ్లాసులు’ అంటే అర్థం అడిగేవారు లేరు. టీ ఒకటే, పొయ్యి ఒకటే, డబ్బులూ అవే. గ్లాసు మాత్రం వేరు. తాగినవాడే కడిగి పెట్టి వెళ్లాలి. ఈ దురాచారం ఎన్ని పల్లెల్లో ఉందో ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్‌ పున్నయ్య కమిషన్‌ ఊరూరా తిరిగి విన్నది. తర్వాత ప్లాస్టిక్‌ కప్పులూ పేపర్‌ కప్పులూ వచ్చాయి. కొన్ని కొట్లలో తగువు అలా తీరిందంటారు. తీరిందో, కప్పు చాటుకు పోయిందో... అందరికీ పేపర్‌ కప్పు ఇచ్చే చోట తీరినట్టే. మనిషిని చూసి గాజు గ్లాసో పేపర్‌ కప్పో తేల్చే చోట మాత్రం తీరనట్టే.

చట్టానికి ఇందులో తికమకేమీ లేదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, వినోదశాలల పేర్లు చెప్పి మరీ రాసింది. మతం, జాతి, కులం, ఆడా మగా, పుట్టిన చోటు చూపి ఎవరినీ గుమ్మంలో ఆపకూడదు. 1955 నాటి చట్టం, ఇప్పటి పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టం, అంటరానితనం పేరుతో హోటల్లోకి రానీయకపోతే నెల నుంచి ఆరు నెలల దాకా జైలని చెబుతోంది. జరిమానా 100 నుంచి 500 రూపాయలు. 1976లో పెట్టిన ఆ అంకె అలాగే ఉంది. ఈ రోజుల్లో 100 రూపాయలంటే నలుగురు టిఫిను చేసి లేస్తే సరిపోదు! ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం అలా కాదు. 2015 సవరణతో గుమ్మంలో ఆపడం కూడా నేరాల చిట్టాలో చేరింది. అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

కేసుల దాకా పోవడం అందరికీ కుదరదు. పిల్లాపాపలతో హోటలుకొచ్చినవాళ్లు గొడవెందుకులే అని లేచిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ పక్క బల్ల మీద కూర్చున్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. వాళ్లలో ఒక్కరు సర్వరును పిలిచి, ‘మా పేరు చెప్పి ఆయన్ను లేపొద్దు, మాకేం అభ్యంతరం లేదు’ అంటే చాలు. జాన్‌స్టన్‌ భోజనశాలలో తేలింది అదే. సర్వరును తిట్టడం వల్ల మాత్రం లాభం లేదు. అతనిది నెల జీతం. మాట్లాడాల్సింది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషితో.

నర్సీపట్నం దాకా వచ్చినవాళ్లు లంబసింగి మంచు చూసి వెనక్కి తిరగకుండా కృష్ణాదేవిపేట కూడా వెళ్లి రావాలి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపిన సీతారామరాజు సమాధి అక్కడుంది. పక్కనే గంటందొరది. ఆయన నెల తిరిగేలోపే పోయాడు. మల్లుదొర మాత్రం మిగిలాడు. పట్టుబడి, అండమాన్‌ జైలు చూసి బతికొచ్చాడు. 1952లో దేశంలో తొలి ఎన్నికలొచ్చినప్పుడు విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. కొండజనం రెండణాల కూలికి రాళ్లు మోసిన చోటు నుంచి వచ్చిన ఆ గాం మల్లుదొర గెలిచి, ఢిల్లీ వెళ్లి లోక్‌సభలో కూర్చున్నాడు.