పరుగుకు విశ్రాంతీ సాధనే

పోలీసు ఉద్యోగాల ప్రకటన పడిందంటే మా గాంధారి తారురోడ్ల మీద తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. 2022 నియామకాలలో మగవారికి 1600, ఆడవారికి 800 మీటర్ల పరుగు పెట్టారు. నెల తిరక్కుండానే కొందరు కుంటుతూ వస్తారు. "నొప్పి తగ్గే సూది వెయ్యండి సార్, రేపు మళ్ళీ పరుగెత్తాలి" అంటారు. ఆ పనికి నేను సూది వెయ్యను.

అలవాటు లేని కాలు రోజూ గట్టినేల మీద పరుగెత్తితే, మోకాలి కింది ఎముకకు కోలుకునే వ్యవధి ఉండదు. సన్నని నెర్రె పడుతుంది. వేలితో నొక్కితే ఒకే చోట కలుక్కుమంటుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, అంతమాత్రాన లేదనుకోకండి. మాత్రలు మింగి పరుగెత్తితే ఎముక పూర్తిగా విరగవచ్చు.

2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన కొద్ది రోజులకే పి.వి.సింధు ఎడమ చీలమండలో ఇలాంటి నెర్రె ఉన్నట్టు తేలింది. ఆమె ఆట ఆపి, 2023 జనవరిలో మళ్ళీ బరిలో దిగింది.

మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మానాలి. నొప్పి లేకుండా నడవగలిగాక, మట్టినేల మీద కాసేపు నడక, కాసేపు పరుగు. తల్లిదండ్రులు దీన్ని బద్ధకమని తిట్టకూడదు.

ఈ అవకాశం పోతే మళ్ళీ ఎప్పుడోనన్న పిల్లల బెంగ నాకు తెలుసు. అందుకే ప్రకటన కోసం చూడకుండా, ఇప్పటినుంచే వారానికి కొంచెం చొప్పున పరుగు పెంచుకుంటూ రండి.