అతిథి పుష్పం - ఇంటి పుష్పం

ఉద్యానవనమనగానే గులాబీలు, మల్లెలు మనస్సులో మెదలుట సహజం. కాని కళాశాల ప్రాంగణంలో నీటి వసతి అంతగా లేని ఒక మూల దొరికినప్పుడు, ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులమైన మేము కలిసి ఎన్నుకొన్నది గైలార్డియా. ఎర్రని రేకులకు పసుపు అంచులు గల ఈ పువ్వు మన తోటలకు, పూలదండలకు చిరపరిచితమే. అయినా దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. టెక్సాస్, ఓక్లహోమా ప్రాంతాలలోని ప్రెయిరీలనే విశాలమైన గడ్డిమైదానాలలో ఇది ఎవరూ నాటకుండానే పూస్తుంది. ఓక్లహోమా 1986లో దీనిని తమ రాష్ట్ర వన్యపుష్పంగా స్వీకరించినది.

దీని పెంపకానికి గొప్ప విద్య అవసరం లేదు. నీరు నిలువని నేల, నిండుగా ఎండ ఉంటే చాలు. విత్తనాలను మట్టిపై చల్లి, పలుచగా కప్పినాము. మొలకలు నిలదొక్కుకొన్న పిదప నీరు తగ్గించినాము. నీరు ఎక్కువైతే దీని వేళ్లు కుళ్లుతాయి. వాడిన పూలను తుంచుతూ ఉంటే కొత్త మొగ్గలు వేస్తుంది. కొన్నింటిని చెట్టుననే ఎండనిస్తే, గింజ తానే రాలి మరల మొలకెత్తుతుంది.

అయితే ఈ అతిథి మాకొక విచారకరమైన చరిత్రను కూడా తెలియజేసినది. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలిని తయారుచేసిన పిదప, ప్రెయిరీల జిగట నేలను దున్నుట సులభమైనది. ఎత్తైన గడ్డి పెరిగే ప్రెయిరీలో నేడు మిగిలినది నూటికి నాలుగు పాళ్లకు లోపే. ఆ పొలాలు ఎందరికో అన్నం పెట్టిన మాట నిజమే. కాని గడ్డితోపాటు అక్కడి పూలకు కూడా చోటు కరవైనది. అందుచేతనే అక్కడ పలువురు తమ పెరళ్లలో ఆ అడవిపూలను తిరిగి పెంచుకొంటున్నారు.

మరి మన మాటేమిటి? మన ప్రహరీగోడ వెంట తంగేడు, వానాకాలంలో గునుగు వాటంతట అవే మొలుస్తాయి. బతుకమ్మలో పేర్చే పూలివి. తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పం. అయినా ఏటేటా శుభ్రత పేరిట ఇవి కొడవలి పాలవుతున్నాయి. దూరదేశపు పువ్వును ఆదరించిన ప్రాంగణంలో ఇంటి పువ్వుకు చోటు లేకపోవుట న్యాయమా? గునుగు గింజ రాలేవరకు గోడ వెంట రెండు గజాల నేలను కోయకుండా విడువవలెనని కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుచున్నాము. దీనికి ఖర్చేమీ లేదు. కావలి మేమే ఉంటాము.