పీకిన చేతులే పెంచుతున్నాయి

వినాయకుడికి ఇష్టం. రైతుకి కష్టం. గోల్ఫ్ మైదానానికి ప్రాణం... ఏమిటది?

గరిక!

చవితినాడు జంట పోచలుగా దేవుడి ముందుకొచ్చే ఆ గడ్డే చేలో మొలిస్తే కలుపు. ఎంత పీకినా ఒక్క కణుపు మట్టిలో మిగిలితే చాలు, మళ్లీ అల్లుకుపోతుంది. హైదరాబాద్ శివార్లలోని ఓ గోల్ఫ్ మైదానంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న హెడ్ మాలీకి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. పాలమూరు పల్లెలోని నాలుగెకరాల చెల్క చెప్పింది. చిన్నప్పుడు బడికి సెలవొస్తే తండ్రి వెనకాల గరిక తవ్వడమే ఆయన పని. బోరు ఎండిపోయాక పట్నం బస్సెక్కారు. తీరా దొరికిన కొలువేమో... గరికను పెంచడం!

‘మా నాయిన జిందగీ అంతా దీన్ని పీకిండు. నేను సాకుతున్న’ అంటారాయన నవ్వుతూ.

చేలో గరికకు చుట్టం

ఆయన సాకే గడ్డి మన గరికకు దగ్గరి చుట్టమే. గరికను ఇంగ్లిషులో బెర్ముడా గడ్డి అంటారు. దాన్ని ఆఫ్రికాలోని మరో సన్నాకు రకంతో కలిపితే పుట్టినవే మైదానాల్లో వాడే సంకర రకాలు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ ఊళ్లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త వీటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫ్ అక్కణ్నుంచే బయటికొచ్చాయి. వీటికి మొలకెత్తే గింజ కట్టదు. కణుపులున్న తీగముక్కలు నాటుకోవాల్సిందే.

చలిదేశాల్లో పెంచే బెంట్ గడ్డి మన ఎండకు తాళలేదు. గరిక జాతి అలా కాదు. నలభై డిగ్రీల ఎండకూ వెరవదు. దానికి పడనిది నీడ. మనదేశంలో గోల్ఫ్ కొత్తదేమీ కాదు. కోల్‌కతా క్లబ్బు 1829 నాటిది. నీళ్లు చాలని ఊళ్లలో ఒకప్పుడు గుంత చుట్టూ గడ్డి బదులు నూనె కలిపిన ఇసుకను పరిచి, చదును చేసి ఆడుకునేవారు. వాటిని గ్రీన్లు అనకుండా ‘బ్రౌన్లు’ అనేవారు.

పచ్చదనం కింద ఇసుక

బంతి చివరికి దొర్లి గుంతలో పడే చోటే గ్రీన్. అక్కడ గడ్డి ఎత్తు మూడు, నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. మూడు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంతో, ఇంచుమించు అంత! ఆటగాళ్లు నడిచే ఫెయిర్‌వేలో సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. పక్కనుండే రఫ్‌లో నాలుగైదు సెంటీమీటర్లు.

ఆకు వండితేనే వేరుకు తిండి. ఆకును పొట్టిగా కోసేకొద్దీ వేరూ పొట్టిదవుతుంది. అందుకే ఒక్క కోతలో మూడోవంతుకు మించి తీయకూడదన్నది మొదటి పాఠం. రోజూ కొంచెం కొంచెంగా కోయాలి. గడ్డి ఒక పక్కకే వాలిపోకుండా రోజుకో దిక్కున మిషను నడపాలి. బ్లేడు మొండిదైతే గడ్డి తెగదు, చిరుగుతుంది. సాయంత్రానికి కొసలు తెల్లబారతాయి.

అసలు సంగతి మాత్రం నేల కింద ఉంది. పద్ధతి ప్రకారం కట్టిన గ్రీన్ కింద ముప్ఫై సెంటీమీటర్ల ఇసుక, దాని కింద పది సెంటీమీటర్ల కంకర, ఆ కింద నీళ్లు పోయే పైపులు ఉంటాయి. వాన నీరు నిలవకూడదు, వేళ్లకు గాలి అందాలి, వందల పాదాలు తొక్కినా నేల బిగుసుకుపోకూడదు. అందుకే ఇసుక. అయినా కొన్నాళ్లకు బిగుస్తుంది. ఎండిన కాడలు పొరలా పేరుకుంటాయి. అప్పుడు బోలు మేకులున్న మిషనుతో గ్రీన్ అంతా చిల్లులు పొడిచి, పైకొచ్చిన మట్టి కండెలు ఎత్తేసి, కొత్త ఇసుక నింపుతారు. ‘బంగారంలా ఉన్నదాన్ని పాడుచేస్తున్నారేంటి?’ అని ఆటగాళ్లు విసుక్కుంటారు. ఆయన దగ్గర ఒకటే జవాబు... ‘నాగలి పెట్టకుంటే చేను పండుతదా సారూ?’

జాలి చేసిన పని

ఇవన్నీ ఆయనకు ఊరికే రాలేదు. కొలువులో చేరిన రెండో ఏడు... జులై నెల. వానలు కురిసి వెలిసి నాలుగు రోజులు. ఒకటే ఉక్కపోత. సాయంత్రం ఏడో గ్రీన్ మీద నడిస్తే అడుగుల గుర్తులు అలాగే ఉండిపోతున్నాయి. గడ్డి వాడిందనడానికి అది గుర్తు. ఊళ్లో నీళ్లకు నోరు తెరిచిన చేను కళ్లముందు మెదిలింది. ఎవరినీ అడగలేదు. చీకటి పడ్డాక పైపు పెట్టి కడుపునిండా తడిపారు. మర్నాడు రాత్రీ అంతే. దానికి తోడు అంతకుముందే యూరియా పడింది.

మూడోరోజు తెల్లవారేసరికి మంచు తడిలో సాలెగూడులాంటి తెల్లటి దారాలు! అదేమిటో తెలియక మామూలుగానే మిషను నడిపారు. ఎండెక్కేసరికి జిడ్డు తేలిన నల్లటి మచ్చలు... మిషను తిరిగిన దారి పొడవునా! పితియం తెగులు. వెచ్చటి రాత్రి, ఆరని తడి ఉంటే దానికి పండగే. వారం తిరక్కుండా సగం గ్రీన్ మాడిపోయింది. రెండు నెలలు దాన్ని మూసేశారు. కొలువు పోతుందనుకున్నారు. పోలేదు. కానీ తన చేత్తో చంపిన చోట తన చేత్తోనే తీగముక్కలు నాటాల్సి వచ్చింది.

‘ఊర్ల నీళ్లు లేక చేను పోయింది. ఈడ నీళ్లు ఎక్కువై గ్రీన్ పోయింది. రెండూ నా కండ్ల ముందరే’ అంటారు.

ఇప్పుడాయన సాయంత్రం చచ్చినా వాల్వు తిప్పరు. నీళ్లు పెట్టేది తెల్లవారుజామునే. ఎండ రాగానే ఆకు ఆరిపోవాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేరు పైనే ఉండిపోతుంది. అందుకే ఎడం ఇచ్చి, లోతుకు దిగేలా పెడతారు. ముందు చాకుతో చిన్న ముక్క కోసి చూస్తారు. వేరు తెల్లగా ఉందా? ఇసుక చల్లగా తగిలిందా? వాసనేమైనా వస్తోందా? మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం ఆకు చల్లబడేందుకు రెండు నిమిషాలు తుంపర కొడతారు. అది దాహానికి కాదు, ఒంటికి!

ఆదివారం పోటీ

మొన్నటి వానాకాలం. ఆదివారం పోటీ ఉంది. బంతి జోరుగా దొర్లాలని అందరి కోరిక. వ్యవసాయ డిగ్రీ చదివొచ్చిన కుర్ర సూపరింటెండెంట్ దగ్గరికొచ్చాడు.

‘కాకా, గ్రీన్లు మూడుకు దించుదామా?’

‘మబ్బు పట్టి వారమైంది సారూ. ఎండ లేనప్పుడు ఆకు కోస్తే అది ఏం తింటది?’

‘బంతి మెల్లగా పోతోందని అందరూ అడుగుతారు కాకా.’

‘అడిగితే నా పేరు చెప్పుండ్రి. ఒక్క గ్రీన్ పోతే రెండు నెలలు ఎవలు జవాబు చెప్తరు?’

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. బ్లేడు దించలేదు సరికదా, అర మిల్లీమీటరు పెంచారు. బదులుగా తేలికపాటి రోలరు నడిపారు. కోయకుండానే బంతి కాస్త జోరందుకుంది. ఒకరిద్దరు సణిగారు. సోమవారం పొద్దున ఆయన పద్దెనిమిది గ్రీన్లూ తిరిగి చూశారు. ఎక్కడా తెల్ల దారం లేదు.

నీళ్ల లెక్క

ఇంతా చేసి ఆయన్ని ఓ ప్రశ్న వదలదు. మైదానానికి అరకిలోమీటరు దూరంలో చెల్లెలి ఇల్లు. ఏప్రిల్ వస్తే అక్కడ బిందెలు ట్యాంకరు కోసం వరుస కడతాయి. మైదానానికి వాడేది శుద్ధిచేసిన మురుగునీరే, తాగడానికి పనికిరాదు. ఆ సంగతి చెల్లెలికి ఎన్నోసార్లు చెప్పారు. అయినా ‘మీ గడ్డికి ఉంటయి గాని అన్నా...’ అన్న మాట చెవిలోనే ఉంటుంది. అందుకే వేసవిలో రఫ్‌కు నీళ్లు బాగా తగ్గించేస్తారు. ఎర్రబడితే ఎర్రబడనీ. గరిక చావదు, నిద్రపోతుంది. నాలుగు చినుకులు పడితే లేస్తుంది.

చవితి ముందురోజు ఇరుగుపొరుగు ఆయన్నే గరిక అడుగుతారు. గ్రీన్ల మీది పోచ ఒక్కటీ ఇవ్వరు. మందులు కొట్టిన గడ్డి దేవుడికెలా పెడతాం? బస్సెక్కి ఊరికెళ్లి చెల్క గట్టు మీద కోసుకొస్తారు. తండ్రి పోయాక ఆ నాలుగెకరాలూ బీడే. ఇప్పుడంతా గరికే.

‘పీకినకొద్దీ వచ్చేది. ఇప్పుడు పీకేటోళ్లే లేరు’ అంటూ సంచి మూతి కట్టేస్తారాయన.