మొలలే అనుకుంటే

2025 మార్చి 6
న్యూజెర్సీ నుంచి మేనల్లుడి ఫోను. వాడికిప్పుడు 46. డాక్టరు చెబితే ఇంటికే డబ్బా వచ్చిందట. మలం అందులో పెట్టి కొరియర్‌కి ఇచ్చేశాడు. "గొట్టం బాధ తప్పింది మామా" అన్నాడు. మలంలో రక్తంతో పాటు డీఎన్‌ఏ మార్పుల్నీ చూసే కొలోగార్డ్ అది. అమెరికాలో 2021 నుంచి పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు 45 ఏళ్లకే మొదలు. "పాజిటివ్ వస్తే?" అన్నాను. "అప్పుడు ఆ గొట్టం కొలనోస్కోపీయే కదా మామా." ఆ ముక్క వాడికి తెలిసినందుకు సంతోషం.

మార్చి 11
ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇంటికొచ్చారు. బీపీ, షుగరు, నోరు చూశారు. ఆడవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. కేంద్రం 2016లో పెట్టిన పద్ధతిలోనూ ఈ మూడు క్యాన్సర్లే. పెద్దపేగు ఊసు లేదు. పడమటి దేశాలతో పోలిస్తే ఇక్కడ ఆ జబ్బు తక్కువ, నిజమే. అయినా 50 దాటినవాళ్లని "దొడ్డికెళ్తే రక్తం పడతా ఉందా?" అని ఒక్క మాట అడగడానికి ఖర్చేముంది?

మార్చి 13
కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్షలు ల్యాబులో రెండు రకాలు చేశాను. పాతది గ్వాయక్ కార్డు. తిన్న వేటమాంసంలోని నెత్తురుకీ దాని రంగు మారుతుంది, అందుకని ముందు కొన్నాళ్లు మాంసం మానమనేవాళ్లం. కొత్తది ఫిట్. మనిషి గ్లోబిన్‌నే గుర్తిస్తుంది, పథ్యం లేదు. పుల్లతో పైపైన నాలుగుచోట్ల గీకి సీసాలో ముంచడమే. క్యాన్సర్‌కి ముందు పేగులో మొలిచే పిలకలు (పాలిప్స్) రోజూ రక్తం కార్చవు, కాబట్టి ఏడాదికోసారి చెయ్యాలి. 2014లో దాదాపు పదివేల మందిని చూసిన అధ్యయనంలో ఒక్కసారి చేసిన ఫిట్ వంద క్యాన్సర్లలో 74 పట్టింది. డీఎన్‌ఏ కలిపిన పరీక్ష 92 పట్టింది, కానీ లేని జబ్బును ఉన్నట్టు చూపడమూ దానిలోనే ఎక్కువ. జపాన్ 1992 నుంచి ఫిట్‌నే నమ్ముకుంది. చవకది, ఇంట్లో అయ్యేది. మనకి సరిపోయేది ఇదేనని నా నమ్మకం.

మార్చి 17
రక్తపరీక్షతో తేలదా అని ఒకబ్బాయి. అమెరికాలో 2024 జులైలో షీల్డ్ అనే రక్తపరీక్షకి అనుమతిచ్చారు. వందలో 83 క్యాన్సర్లని పడుతుంది, ముదిరిన పిలకల్లో 13 మాత్రమే. పిలకగా ఉన్నప్పుడే కోసేస్తే క్యాన్సరే రాదు. అక్కడ తప్పితే అసలు లాభం పోయినట్టే.

మార్చి 20
పక్కింటాయన వచ్చి ఫిట్ చెయ్యమన్నాడు. చాలాకాలంగా రక్తం పడుతోందట, మొలలకని నాటుమందు మింగుతున్నాడు. హిమోగ్లోబిన్ 8. చెయ్యనన్నాను. "ఏందబ్బా, అందరికీ చేస్తావు గదా?" "ఇది ఏ బాధా లేనివాళ్లకి, అన్నా. నీకు పాజిటివ్ వచ్చినా రాకపోయినా కొలనోస్కోపీకే పోవాల." మొహం ముడుచుకున్నాడు. మనసు కష్టపడింది గానీ, అతనికి 'నెగెటివ్' అని కాగితం రాసిస్తే దాన్ని జేబులో పెట్టుకుని ఇంకో రెండేళ్లు తిరుగుతాడు.

ఎండోస్కోపీలో ప్రపంచానికి పాఠాలు చెప్పే డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి మనవాడే, ఈ జనవరిలో పద్మవిభూషణ్ ప్రకటించారు. చేసే చేతులకి కొదవ లేదు. అడ్డమల్లా దూరం: మా ఊరినుంచి నెల్లూరుకైనా తిరుపతికైనా డెబ్భై కిలోమీటర్ల దాకా, పైగా ఒక రోజు కూలి పోతుంది.

ఏప్రిల్ 2
స్పెయిన్‌లో చేసిన అధ్యయనం ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 57 వేలమందికి పైగా. కొందరిని ఒక్కసారి కొలనోస్కోపీకి, కొందరిని రెండేళ్లకోసారి ఫిట్‌కి పిలిచారు. మొదటివాళ్లలో వందకి 32 మంది వచ్చారు, రెండోవాళ్లలో 40. పదేళ్లకి ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు రెండువైపులా దాదాపు సమానం. జనం ఒప్పుకునే పరీక్షే పనిచేస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నది లెక్కల్లో చూశాను.

ఏప్రిల్ 8
పక్కింటాయన ఒప్పుకున్నాడు. రాత్రంతా పేగు కడిగే పెగ్లెక్ పొడి కలిపిన నీళ్లు, బాత్రూం. పొద్దున్నే కాళహస్తి మీదుగా తిరుపతి బస్సు, నేనూ తోడు వెళ్లాను. మత్తిచ్చారు, అరగంటలో అయిపోయింది. పెద్ద పిలక ఒకటి తీశారు.

ఏప్రిల్ 16
బయాప్సీలో క్యాన్సర్ లేదు. మూడేళ్లకి మళ్లీ రమ్మన్నారు. కొడుకులకీ చెప్పి పంపాను, నలభై నిండగానే వాళ్లు డాక్టర్ని కలవాలి.

వదిన "నాకూ చెయ్యి అబ్బాయా" అంది. 58, ఏ బాధా లేదు. ఫిట్ సీసా ఇచ్చి, పేరూ తేదీ రాయమన్నాను. ఈ ఎండల్లో వరండాలో పెడితే హిమోగ్లోబిన్ చెడి, ఉన్న రక్తం కూడా లేనట్టు వస్తుంది. ఫ్రిజ్‌లో కవరు చుట్టి పెట్టి, మర్నాడే తెమ్మన్నాను.